ఓకామల్‌లో సిగ్నేచర్లకు, ఫంక్టర్లకు పారామీటర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓకామల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫంక్షన్లు, ప్యాటర్న్ మ్యాచింగ్ దాకా హాయిగా సాగిపోయినవాళ్లు కూడా మాడ్యూళ్ల దగ్గరకొచ్చేసరికి తడబడతారు. అక్కడ మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలివి. ఒక మాడ్యూల్‌కి సిగ్నేచర్ (అది బయటికి ఏయే టైపులు, ఫంక్షన్లు చూపిస్తుందో చెప్పేది) రాయడం మీకు వచ్చనుకునే జవాబులు రాశాను. కోడ్ ముక్కలు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి. అవి చదివి అర్థం చేసుకోడానికే, కాపీ చేసి కంపైలర్‌కి ఇస్తే పనిచేయవు.

ఫంక్టర్ అంటే ఏంటి? హాస్కెల్‌లో చెప్పే ఫంక్టర్ ఇదేనా?

కాదు. హాస్కెల్ అనే ఇంకో భాషలో ఫంక్టర్ ఒక టైప్ క్లాస్, దాని పని ఎఫ్‌మ్యాప్, అంటే లిస్ట్ లాంటిదాని లోపలున్న విలువలకు ఒక ఫంక్షన్‌ని అప్లై చేయడం. ఓకామల్‌లో ఫంక్టర్ అంటే ఒక మాడ్యూల్‌ని తీసుకుని ఇంకో మాడ్యూల్‌ని తయారుచేసి ఇచ్చేది. పేరొక్కటే ఉమ్మడి. ఈ రెండో అర్థం 1980లలో డేవిడ్ మెక్వీన్ ఓకామల్‌కి చుట్టమైన స్టాండర్డ్ ఎంఎల్ భాష కోసం రూపొందించిన మాడ్యూల్ పద్ధతి నుంచి వచ్చింది. 1990లలో జేవియర్ లెరోయ్ దాన్ని కొంత మార్చి, ఓకామల్‌కి ముందు రూపమైన కామల్ స్పెషల్ లైట్‌లో పెట్టారు, అక్కడి నుంచి అది ఓకామల్‌కి చేరింది. ఆ మార్పుల వల్ల స్టాండర్డ్ ఎంఎల్ పుస్తకం చదివి ఓకామల్ రాసేవాళ్లకు కొన్నిచోట్ల దెబ్బ తగులుతుంది. ఆ చోట్లు వచ్చినప్పుడు చెబుతాను.

ఫంక్షన్‌కి పారామీటర్ ఉంటుంది, టైప్‌కి ఉంటుంది. సిగ్నేచర్‌కి ఎలా ఇవ్వాలి?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. స్టోర్(కీ) అన్నట్టు సిగ్నేచర్ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టి పారామీటర్ ఇచ్చే సింటాక్స్ ఓకామల్‌లో లేదు. చాలామంది ఇక్కడ ఏదో లోటుందనుకుని దొడ్డిదారులు వెతుకుతారు. లోటేమీ లేదు. సిగ్నేచర్ లోపల విలువ ఇవ్వకుండా వదిలేసిన ప్రతి టైపూ ఒక పారామీటరే. ఈ సిగ్నేచర్ చూడండి:

మాడ్యూల్ టైప్ స్టోర్ = సిగ్
  టైప్ కీ
  టైప్ 'ఎ టి
  వాల్ ఖాళీ : 'ఎ టి
  వాల్ చేర్చు : కీ -> 'ఎ -> 'ఎ టి -> 'ఎ టి
  వాల్ వెతుకు : కీ -> 'ఎ టి -> 'ఎ ఆప్షన్
ఎండ్

ఇందులో "టైప్ కీ" అనే లైనే మీరు వెతుకుతున్న పారామీటర్. దానికి విలువ ఇవ్వాలంటే స్టోర్ విత్ టైప్ కీ = స్ట్రింగ్ అని రాస్తే సరి. ఇప్పుడది కీలు స్ట్రింగులుగా ఉండే స్టోర్‌కి సిగ్నేచర్. ఫంక్షన్ పారామీటర్‌తో పోలిస్తే రెండు తేడాలున్నాయి. ఒకటి, ఇక్కడ వరస లేదు, పేరుతో ఇస్తాం. రెండోది, అన్నీ ఒకేసారి ఇవ్వాల్సిన పని లేదు. కీ ఏంటో చెప్పి, టి ని అలాగే దాచి ఉంచొచ్చు. మామూలు పారామీటర్ల కంటే ఇదే వీలుగా ఉంటుందని నా అభిప్రాయం. ఏది పారామీటర్, ఏది లోపలి రహస్యం అనేది సిగ్నేచర్ రాసినప్పుడే తేల్చేయక్కర్లేదు, వాడే చోట తేల్చుకోవచ్చు.

పారామీటర్ ఒక్క టైప్ కాకుండా, దానితోపాటు కంపేర్ లాంటి ఫంక్షన్లు కూడా కావాలంటే సిగ్నేచర్ లోపల ఒక మాడ్యూల్‌నే పెట్టొచ్చు: మాడ్యూల్ కీ : ఆర్డర్డ్‌టైప్ అని. ఆర్డర్డ్‌టైప్ అంటే టైప్ టి, దాని విలువల్ని పోల్చే కంపేర్ ఉన్న సిగ్నేచర్. తర్వాత విత్ మాడ్యూల్ కీ = స్ట్రింగ్ అంటే ఆ మాడ్యూల్‌లోని టైపులన్నీ ఒకేసారి తెలిసిపోతాయి.

మూడో పద్ధతి కూడా ఉంది. ఫంక్టర్ లోపల మాడ్యూల్ టైప్‌ని నిర్వచించడం:

మాడ్యూల్ స్టోర్_సిగ్నేచర్ (కె : ఆర్డర్డ్‌టైప్) = స్ట్రక్ట్
  మాడ్యూల్ టైప్ ఎస్ = సిగ్ ... కె.టి ... ఎండ్
ఎండ్

ఆ తర్వాత స్టోర్_సిగ్నేచర్(స్ట్రింగ్).ఎస్ అని వాడుకోవచ్చు. చూడ్డానికి అచ్చం పారామీటర్ ఉన్న సిగ్నేచర్‌లాగే ఉంటుంది. అయినా దీన్ని చివరికి ఉంచుకోమనే చెబుతాను. విత్ టైప్‌తో అయ్యే పనికి ఇది వాడితే ప్రతి ఫైల్లో ఆ పొడవాటి దారి రాసుకుంటూ పోవాలి, కోడ్ చదివేవాళ్లకు అసలు సిగ్నేచర్ ఎక్కడుందో వెతుక్కోవడమే పనవుతుంది.

సెట్.మేక్ చుట్టూ నా సొంత ఫంక్టర్ రాశాను. ఇప్పుడు అందులో ఇంట్‌ని కూడా చేర్చనివ్వడం లేదు. ఎందుకు?

సెట్.మేక్ అంటే మూలకాల మాడ్యూల్‌ని తీసుకుని, సెట్ మాడ్యూల్‌ని ఇచ్చే స్టాండర్డ్ లైబ్రరీ ఫంక్టర్. మీరు రాసింది దాదాపు ఇలా ఉండుంటుంది:

మాడ్యూల్ నా_సెట్ (ఎక్స్ : ఆర్డర్డ్‌టైప్) : సెట్.ఎస్ = సెట్.మేక్(ఎక్స్)

ఇది కంపైల్ అవుతుంది, ఒక్క హెచ్చరిక కూడా రాదు. తర్వాత మాడ్యూల్ ఐఎస్ = నా_సెట్(ఇంట్) అని పెట్టుకుని, ఐఎస్.యాడ్ 3 ఐఎస్.ఎంప్టీ అనగానే కంపైలర్ 3 మీద గీత గీసి, దీని టైప్ ఇంట్, ఇక్కడ కావాల్సింది ఐఎస్.ఎల్ట్ అంటుంది. ఎల్ట్ అంటే ఇంటే కదా అని మీకు అనిపిస్తుంది. అది మీకు తెలుసు, కంపైలర్‌కి మాత్రం మీరే తెలియకుండా చేశారు.

సెట్.ఎస్ అనే సిగ్నేచర్‌లో ఎల్ట్ (సెట్ మూలకాల టైప్) ఒక అబ్‌స్ట్రాక్ట్ టైప్, అంటే అసలు విలువ చెప్పకుండా వదిలేసిన టైప్. ఓకామల్‌లో కోలన్ పెట్టి సిగ్నేచర్ ఇచ్చారంటే, ఆ సిగ్నేచర్‌లో కనబడనిదంతా బయటివాళ్లకు మూసేసినట్టే. స్టాండర్డ్ ఎంఎల్ నుంచి వచ్చినవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. అక్కడ ఒంటి కోలన్ టైపుల అసలు విలువల్ని దాచదు, దాచాలంటే కోలన్ పక్కన గ్రేటర్‌దాన్ గుర్తు కూడా పెట్టాలి. ఓకామల్‌లో అలాంటి రెండు రకాలు లేవు, కోలన్ ఎప్పుడూ దాస్తుంది.

సరిదిద్దడం తేలికే:

మాడ్యూల్ నా_సెట్ (ఎక్స్ : ఆర్డర్డ్‌టైప్) : సెట్.ఎస్ విత్ టైప్ ఎల్ట్ = ఎక్స్.టి = సెట్.మేక్(ఎక్స్)

స్టాండర్డ్ లైబ్రరీలో సెట్.మేక్ సిగ్నేచర్ తెరిచి చూడండి, అక్కడా ఇదే విత్ టైప్ ఉంటుంది.

ఏ టైప్ బయటపెట్టాలి, ఏది దాచాలి అని తేల్చుకోడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఈ టైప్ విలువల్ని వాడేవాళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? ఎల్ట్ విలువలు బయటి నుంచి వస్తాయి, 3 లాగా, "రాము" లాగా. అందుకని అది ఎక్స్.టి తో సమానమని చెప్పి తీరాలి. సెట్ అనే టి విలువలు మాత్రం ఎంప్టీ, యాడ్, యూనియన్ లాంటి ఫంక్షన్ల నుంచే పుడతాయి. దాన్ని దాచినా ఎవరికీ నష్టం లేదు. పైగా దాస్తేనే లోపలున్న చెట్టు బ్యాలెన్స్‌ని ఎవరూ పాడుచేయలేరు. ఫంక్టర్ ఆర్గ్యుమెంట్ నుంచి వచ్చే టైపులు బయటికి, ఫంక్టర్ లోపల పుట్టే టైపులు లోపలికి. దాదాపు ప్రతిసారీ ఈ లెక్క సరిపోతుంది.

విత్ టైప్‌లో ఈక్వల్ గుర్తుకీ, కోలన్-ఈక్వల్ గుర్తుకీ తేడా ఏంటి?

ఈక్వల్ పెడితే ఆ టైప్ సిగ్నేచర్‌లో ఉంటుంది, దాని విలువ కూడా తెలుస్తుంది. కోలన్-ఈక్వల్ పెడితే ఆ టైప్ లైనే సిగ్నేచర్ నుంచి మాయమై, అది వాడిన ప్రతిచోటా కుడివైపు ఉన్నది వచ్చి కూర్చుంటుంది.

ఈ రెండోది ఎందుకంటే, రెండు సిగ్నేచర్లను కలపాల్సి వచ్చినప్పుడు. ప్రింటబుల్‌లో టైప్ టి, కంపేరబుల్‌లోనూ టైప్ టి ఉన్నాయనుకోండి. రెండిటినీ ఇన్‌క్లూడ్ చేస్తే టి రెండుసార్లు వచ్చిందని కంపైలర్ ఒప్పుకోదు. ముందు టైప్ టి అని రాసి, ఇన్‌క్లూడ్ ప్రింటబుల్ విత్ టైప్ టి := టి, ఇన్‌క్లూడ్ కంపేరబుల్ విత్ టైప్ టి := టి అంటే గొడవ తీరిపోతుంది. ఈ సౌకర్యం ఓకామల్ 3.12తో వచ్చింది. 4.08 నుంచి సిగ్నేచర్ లోపలే టైప్ పేరు := ... అని తాత్కాలికంగా ఒక పేరు పెట్టుకునే వీలు కూడా వచ్చింది, పొడవాటి టైపులు పదేపదే రాయకుండా ఉండటానికి.

ఫంక్టర్ ఫలితం మీద మాత్రం కోలన్-ఈక్వల్ ఆచితూచి వాడండి. ఎల్ట్‌ని చెరిపేస్తే, ఎల్ట్ ఉండాలని కోరే ఇంకో ఫంక్టర్‌కి ఆ మాడ్యూల్ ఇక పనికిరాదు.

మోనాడ్ సిగ్నేచర్‌లో టైప్ 'ఎ టి ఉంది. స్టేట్ మోనాడ్‌కి రెండు పారామీటర్లున్నాయి, ఇమడట్లేదు.

ఇమడదు. (మోనాడ్ అంటే లెక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి గొలుసుకట్టే పద్ధతి, స్టేట్ మోనాడ్ వాటి మధ్య ఒక స్టేట్‌ని చేరవేస్తుంది.) సిగ్నేచర్‌లో ఒక్క పారామీటర్ ఉన్న టైప్‌కి మాడ్యూల్‌లోనూ ఒక్కటే ఉండాలి. విత్ టైప్ 'ఎ టి = 'ఎ ఆప్షన్ సరే, విత్ టైప్ 'ఎ టి = 'ఎ లిస్ట్ కూడా సరే. రెండు పారామీటర్లున్న స్టేట్‌తో కుదరదు.

ఎక్కువైన పారామీటర్‌ని ఫంక్టర్ మీదకు నెట్టడమే దారి:

మాడ్యూల్ స్టేట్ (ఎస్ : సిగ్ టైప్ టి ఎండ్) = స్ట్రక్ట్
  టైప్ 'ఎ టి = ఎస్.టి -> 'ఎ * ఎస్.టి
  ...
ఎండ్

స్టేట్ టైప్ ఏదో ఫంక్టర్‌ని అప్లై చేసినప్పుడే తేలిపోతుంది, మిగిలిన ఒక్క పారామీటర్ మోనాడ్ సిగ్నేచర్‌కి సరిపోతుంది. దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది. సెట్.మేక్‌కి లిస్టుల సెట్ కావాలి, కానీ ఆర్డర్డ్‌టైప్‌లో టి కి పారామీటరే లేదు. అప్పుడు లిస్ట్ మూలకాల మాడ్యూల్‌ని తీసుకుని, టైప్ టి = ఎక్స్.టి లిస్ట్, కంపేర్ = లిస్ట్.కంపేర్ ఎక్స్.కంపేర్ ఇచ్చే చిన్న ఫంక్టర్ రాసుకోవాలి. దాని ఫలితాన్ని సెట్.మేక్‌కి ఇస్తే పని జరుగుతుంది. హాస్కెల్‌లో ఇదంతా ఇన్‌స్టన్స్ ద్వారా దానంతటదే జరిగిపోతుంది, ఇక్కడ చేత్తో రాయాలి. విసుగే, కానీ ఏ పోలిక ఎక్కడ వాడుతున్నారో కోడ్‌లో కళ్లముందు ఉంటుంది.

టైప్ కాదు, ఒక నంబర్‌ని పారామీటర్‌గా ఇవ్వాలి. ఫంక్టర్ వాడొచ్చా?

ఊరికే నంబర్ ఇవ్వడానికైతే ఫంక్షన్ చాలు. ఫంక్టర్ వల్ల అదనంగా దక్కేదొకటి ఉంది: ప్రతి నంబర్‌కీ వేరే టైప్. సైజ్ అనే ఇంట్ ఉన్న మాడ్యూల్‌ని తీసుకుని, అబ్‌స్ట్రాక్ట్ టైప్ టి ఉన్న మాట్రిక్స్ మాడ్యూల్‌ని ఇచ్చే ఫంక్టర్ రాస్తే, మాట్రిక్స్(మూడు).టి ని మాట్రిక్స్(నాలుగు).టి తో కూడబోతే కంపైలర్ ఆపేస్తుంది. రన్ అయ్యేటప్పుడు బయటపడాల్సిన తప్పు ముందే దొరుకుతుంది.

కాకపోతే కంపైలర్ చూసేది మాడ్యూల్ పేరునే, లోపలి నంబర్‌ని కాదు. వేరువేరు ఫైళ్లలో ఇద్దరు చెరో మాడ్యూల్ రాసుకుని రెండిట్లోనూ సైజ్ 3 అని పెట్టినా, వాటి మాట్రిక్స్‌లు వేరే టైపులే అవుతాయి. అందరూ ఒకే మాడ్యూల్‌ని వాడేలా చూసుకోవాలి.

ఫంక్టర్‌కి రెండు ఆర్గ్యుమెంట్లున్నాయి. రెండిట్లో ఉన్న టైప్ ఒకటేనని ఎలా చెప్పాలి?

రెండో ఆర్గ్యుమెంట్ సిగ్నేచర్‌లో మొదటిదాన్ని ప్రస్తావించండి:

మాడ్యూల్ దగ్గరి_దారి (బి : బరువు) (జి : గ్రాఫ్ విత్ టైప్ బరువు = బి.టి) = స్ట్రక్ట్ ... ఎండ్

ఇది రాయకపోతే జి.బరువు, బి.టి రెండూ కంపైలర్ దృష్టిలో సంబంధం లేని టైపులు. ఒక అంచు బరువు తీసి బి.కూడు కి ఇవ్వగానే ఎర్రర్ వస్తుంది. స్టాండర్డ్ ఎంఎల్‌లో ఇందుకోసం షేరింగ్ అనే ప్రత్యేక కీవర్డ్ ఉంది, ఓకామల్‌లో విత్ టైపే ఆ పని చేస్తుంది. వరస మాత్రం చూసుకోవాలి. ముందొచ్చిన ఆర్గ్యుమెంట్‌ని తర్వాతది వాడుకోగలదు, వెనక్కి కుదరదు. అందుకే ఎవరి మీదా ఆధారపడని చిన్న మాడ్యూల్‌ని ముందు పెట్టడం అలవాటు చేసుకోండి.

ఒకే ఫంక్టర్‌ని ఒకే ఆర్గ్యుమెంట్‌తో రెండుచోట్ల అప్లై చేశాను. వచ్చిన టైపులు ఒకటేనా?

ఓకామల్‌లో మామూలుగా ఒకటే. ఒక ఫైల్లో సెట్.మేక్(స్ట్రింగ్), ఇంకో ఫైల్లో మళ్లీ సెట్.మేక్(స్ట్రింగ్) రాసినా, మొదటిదాంట్లో తయారైన సెట్‌ని రెండోదానికి ఇవ్వొచ్చు. వీటిని అప్లికేటివ్ ఫంక్టర్లు అంటారు. లెరోయ్ 1995లో ప్రచురించిన పేపర్‌లో ప్రతిపాదించిన ఆలోచన ఇది. స్టాండర్డ్ ఎంఎల్‌లో మాత్రం ప్రతి అప్లికేషన్ కొత్త టైపుని పుట్టిస్తుంది.

ఈ సమానత్వం ఆర్గ్యుమెంట్‌కి ఒక పేరు ఉన్నప్పుడే పనిచేస్తుంది. బ్రాకెట్లలో నేరుగా స్ట్రక్ట్ ... ఎండ్ అని రాసి ఇస్తే, ఆ మాడ్యూల్‌కి పేరు లేదు కాబట్టి రెండోసారి "అదే" అని చెప్పే దారి కంపైలర్‌కి ఉండదు. మాడ్యూల్ ఎ = స్ట్రింగ్ అని మారుపేరు పెడితే పర్వాలేదు, 4.02 నుంచి కంపైలర్ మారుపేర్లను గుర్తుపెట్టుకుంటుంది. కానీ మాడ్యూల్ ఎ = స్ట్రక్ట్ ఇన్‌క్లూడ్ స్ట్రింగ్ ఎండ్ అంటే అది కొత్త మాడ్యూల్. సెట్.మేక్(ఎ).టి, సెట్.మేక్(స్ట్రింగ్).టి ఇక కలవవు. స్ట్రింగ్‌కి ఒకట్రెండు ఫంక్షన్లు కలిపి సొంత స్ట్రింగ్ మాడ్యూల్ చేసుకునే ప్రాజెక్టుల్లో ఈ ఎర్రర్ తరచూ కనిపిస్తుంది. మనిషి కంటికి రెండు టైపులూ ఒకేలా ఉంటాయి కాబట్టి దీనితో తల బాదుకునేవాళ్లు ఎక్కువ.

సెట్ విషయంలో ఈ సమానత్వం న్యాయమైనదే. పేరు ఒకటే అయితే కంపేర్ ఫంక్షనూ ఒకటే, ఆ పోలికతో కట్టిన చెట్టు ఎక్కడ తయారైనా చెల్లుతుంది. లోపల మార్పులకు లోనయ్యే స్టేట్ ఉన్నప్పుడే కథ అడ్డం తిరుగుతుంది. పదాలను పట్టికలో దాచి, ఒక్కోదానికి ఒక నంబర్ ఇచ్చే పట్టీ అనే ఫంక్టర్ ఉందనుకోండి. లోపల ఒక హ్యాష్‌టేబుల్, ఒక లెక్కింపు. బయటికి టైప్ టి అబ్‌స్ట్రాక్ట్, అసలు మాత్రం ఇంట్. పట్టీ(స్ట్రింగ్)ని రెండుసార్లు అప్లై చేస్తే టైప్ ఒకటే, పట్టికలు మాత్రం రెండు. ఎందుకంటే ఫంక్టర్ లోపలి కోడ్ ప్రతి అప్లికేషన్‌కీ మళ్లీ నడుస్తుంది. మొదటి పట్టికలో 5 అంటే ఒక పదం, రెండోదాంట్లో 5 అంటే ఇంకో పదం. ఒకదాని 5 ని రెండోదానికి ఇచ్చినా కంపైలర్ నోరు మెదపదు, తప్పు పదం బయటికొస్తుంది.

అంటే ఫంక్టర్ చివర ఖాళీ బ్రాకెట్లు పెట్టేది అందుకేనా?

సరిగ్గా అందుకే. 4.02 నుంచి మాడ్యూల్ పట్టీ (ఎక్స్ : హ్యాష్డ్‌టైప్) () అని రాస్తే అది జనరేటివ్ ఫంక్టర్ అవుతుంది. పట్టీ(స్ట్రింగ్)() అన్న ప్రతిసారీ కొత్త టైప్ పుడుతుంది, ఒకదాని విలువ ఇంకోదానికి ఇవ్వలేరు. పేరు పెట్టకుండా పట్టీ(స్ట్రింగ్)().టి అని టైపుల్లో రాయడమూ కుదరదు. ముందు మాడ్యూల్‌కి పేరు పెట్టి, ఆ పేరుతోనే టైప్ రాయాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. అప్లికేటివ్ ఫంక్టర్ లోపల జనరేటివ్ ఫంక్టర్‌ని అప్లై చేయనివ్వరు. అలాగే ఫస్ట్ క్లాస్ మాడ్యూల్‌ని (మామూలు విలువలా చుట్టి పెట్టిన మాడ్యూల్‌ని) విప్పితే అబ్‌స్ట్రాక్ట్ టైపులు బయటపడతాయంటే దాన్నీ నేరుగా ఫంక్టర్ బాడీలో విప్పనివ్వరు. ఇక్కడ కొత్త టైపులు పుడుతున్నాయి, అప్లికేటివ్ ఫంక్టర్లో ఇది కుదరదన్న ఎర్రర్ వస్తుంది. బయటి ఫంక్టర్‌కి కూడా ఖాళీ బ్రాకెట్లు తగిలిస్తే పోతుంది. లోపల రెఫ్, హ్యాష్‌టేబుల్ లాంటివి ఏవైనా ఉండి, వాటితో ముడిపడిన అబ్‌స్ట్రాక్ట్ టైప్ బయటికి వెళ్తుంటే ఆలోచించకుండా ఆ బ్రాకెట్లు పెట్టేయండి.

మాడ్యూల్ టైప్‌నే పారామీటర్‌గా ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. సిగ్నేచర్‌లో మాడ్యూల్ టైప్ టి అని విలువ లేకుండా వదిలేస్తే అది అబ్‌స్ట్రాక్ట్ మాడ్యూల్ టైప్. ఫంక్టర్ దాన్ని ఆర్గ్యుమెంట్‌గా తీసుకోగలదు. 4.13 నుంచి విత్ మాడ్యూల్ టైప్ అని దానికి విలువ ఇవ్వొచ్చు కూడా. భాషలోని ఈ ఒక్క సౌకర్యం వల్ల సిగ్నేచర్లను సరిచూడటం సిద్ధాంతపరంగా అనిర్ణేయం అవుతుంది. అంటే కంపైలర్ ఎప్పటికీ ఆగకుండా తిరిగే ప్రోగ్రాం రాయొచ్చు. ఆండ్రియాస్ రోస్‌బర్గ్ ఓకామల్‌లో అలాంటి ఉదాహరణ చూపించారు. మామూలు కోడ్‌లో అది ఎదురుకాదు, భయపడక్కర్లేదు. అయితే అబ్‌స్ట్రాక్ట్ మాడ్యూల్ టైప్ కావాల్సి వచ్చిందంటే డిజైన్‌ని ఇంకోసారి చూసుకోవడం మంచిది.

ఇంప్లిమెంటేషన్ ఫైల్లోనూ, ఇంటర్‌ఫేస్ ఫైల్లోనూ ఒకే సిగ్నేచర్ రెండుసార్లు రాయాల్సి వస్తోంది.

అందరికీ వచ్చే తలనొప్పే. చాలా ప్రాజెక్టులు పాటించే పద్ధతేంటంటే, సిగ్నేచర్లన్నీ మూడో ఫైల్లో పెట్టి, దాని పేరు చివర అండర్‌స్కోర్ ఐఎన్‌టీఎఫ్ తగిలించడం. ఆ ఫైల్లో మాడ్యూల్ టైపులు తప్ప ఇంకేం ఉండదు. మిగతా రెండూ అక్కడి నుంచి ఇన్‌క్లూడ్ చేసుకుంటాయి.

వేరే మాడ్యూల్ సిగ్నేచర్‌ని చేత్తో రాయకుండా మాడ్యూల్ టైప్ ఆఫ్‌తో తెచ్చుకున్నాను. టైపులు కలవడం లేదేం?

మాడ్యూల్ టైప్ ఆఫ్ ఎం అన్నది ఎం సిగ్నేచర్‌ని ఉన్నదున్నట్టు ఇస్తుంది. అందులో అబ్‌స్ట్రాక్ట్‌గా ఉన్న టైప్ అలాగే అబ్‌స్ట్రాక్ట్‌గా వస్తుంది, అది ఎం.టి అన్న సంగతి పోతుంది. ఆ సంబంధం నిలవాలంటే మాడ్యూల్ టైప్ ఆఫ్ స్ట్రక్ట్ ఇన్‌క్లూడ్ ఎం ఎండ్ అని రాయాలి. చూడ్డానికి వింతగా ఉంటుంది, కానీ ఓకామల్ వాళ్లందరూ ఇదే వాడతారు.

ఫస్ట్ క్లాస్ మాడ్యూళ్లు ఉన్నాయి కదా, ఇంకా ఫంక్టర్లు దేనికి?

ఏ మాడ్యూల్ వాడాలో ప్రోగ్రాం నడిచేటప్పుడే తెలిస్తే, అంటే కాన్ఫిగ్ ఫైల్ చదివాకో, కమాండ్ లైన్ చూశాకో, అప్పుడు ఫస్ట్ క్లాస్ మాడ్యూల్ కావాలి. కంపైల్ చేసేటప్పుడే తెలిస్తే ఫంక్టర్. ఫస్ట్ క్లాస్ మాడ్యూళ్లు 3.12లో వచ్చాయి. వాటిలోని టైప్, ఒక ఫంక్షన్ తీసుకునే మిగతా ఆర్గ్యుమెంట్ల టైపులతో కలవాలంటే, ఆ ఆర్గ్యుమెంట్లకు ముందు (టైప్ ఎ) అని పెట్టి, మాడ్యూల్‌ని విత్ టైప్ టి = ఎ అని ప్యాక్ చేయాలి. సిగ్నేచర్‌కి పారామీటర్ ఇచ్చే ఆ విత్ టైప్ ఇక్కడా తప్పదు.

రెండిటికీ మధ్య దారి కావాలంటే బేస్ లైబ్రరీ మ్యాప్‌లు చూడండి. అక్కడ ప్రతి కీ టైప్‌కీ ఫంక్టర్ అప్లై చేయక్కర్లేదు. మ్యాప్.ఎంప్టీ (మాడ్యూల్ స్ట్రింగ్) అంటే చాలు. ఏ పోలికతో కట్టారో చెప్పే అదనపు టైప్ పారామీటర్ ఒకటి మ్యాప్ టైప్‌లోనే ఉంటుంది. వాడటానికి సుఖమే, కానీ దాని ఎర్రర్ మెసేజ్‌లు చదవడానికి కాస్త ఓపిక కావాలి.

ఫంక్టర్ వాడితే ప్రోగ్రాం నెమ్మదిస్తుందా?

కొంచెం. ఫంక్టర్ రన్‌టైమ్‌లో ఒక మామూలు ఫంక్షనే, మాడ్యూల్ అంటే ఫంక్షన్లు నింపిన ఒక బ్లాక్. అందువల్ల లోపల ఎక్స్.కంపేర్ అని పిలిచిన ప్రతిసారీ ఆ బ్లాక్‌లోంచి వెతికి పిలవాలి, దాన్ని ఇన్‌లైన్ చేయడం (పిలుపు బదులు ఆ ఫంక్షన్ కోడ్‌నే అక్కడ పెట్టేయడం) కష్టం. 4.03 నుంచి ఉన్న ఫ్లాంబ్డా ఆప్టిమైజర్‌తో కట్టిన కంపైలర్‌లో, ఓ3 ఆప్షన్‌తో, ఫంక్టర్లను కూడా ఇన్‌లైన్ చేసి ఈ ఖర్చు చాలావరకు తీసేయొచ్చు.

అసలైన ఖర్చు ఎక్కువగా మనం చేతులారా తెచ్చుకునేదే. ఫంక్షన్ లోపల లెట్ మాడ్యూల్ ఎస్ = సెట్.మేక్(...) ఇన్ అని రాస్తే, ఆ ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ సెట్ మాడ్యూల్ మొత్తం మళ్లీ తయారవుతుంది. లూప్ లోపల ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అప్లికేషన్‌ని ఫైల్ పైభాగానికి తెచ్చి పెట్టండి.

టైప్ నిర్వచనంలోనే ఆ టైప్ సెట్ కావాలి. ఫంక్టర్‌తో కుదురుతుందా?

మాడ్యూల్ రెక్‌తో, అంటే ఒకదాన్నొకటి వాడుకునే మాడ్యూళ్లతో, కుదురుతుంది. రెండు మాడ్యూళ్లకూ సిగ్నేచర్లు పూర్తిగా రాయాలి, సెట్ వైపు విత్ టైప్ ఎల్ట్ = ... తప్పకుండా ఉండాలి. ఇలాంటి ఉదాహరణ ఓకామల్ మాన్యువల్లోనే ఉంది, అక్కడి నుంచి ఎత్తుకోండి.

ఫంక్టర్ ఎప్పుడు వద్దు?

దాన్ని ఒక్కచోటే, ఒక్క ఆర్గ్యుమెంట్‌తోనే అప్లై చేస్తుంటే వద్దు. టెస్టుల కోసం అన్నిటినీ ఫంక్టర్లుగా మార్చేసే అలవాటు కొన్ని టీముల్లో చూశాను. డేటాబేస్ ఫంక్టర్, దాని మీద లాగ్ ఫంక్టర్, దాని మీద సర్వర్ ఫంక్టర్. ఆర్నెల్లకి ఏ టైప్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒకట్రెండు ఫంక్షన్లు మార్చాలంటే వాటిని ఆర్గ్యుమెంట్లుగా ఇవ్వండి. నాలుగైదుంటే రికార్డ్‌లో పెట్టి ఇవ్వండి. ఆర్గ్యుమెంట్‌తోపాటు ఒక టైప్ కూడా రావాలి, ఆ టైప్ ఫలితం సిగ్నేచర్‌లో కనబడాలి అన్నప్పుడు ఫంక్టర్‌కి పని మొదలవుతుంది.

ఇంత చెప్పినా, ఫంక్టర్ల మీదే కట్టిన పెద్ద ప్రాజెక్టు మిరాజ్ ఓఎస్ బాగానే నడుస్తోంది. అక్కడ నెట్‌వర్క్, స్టోరేజ్ అన్నీ ఫంక్టర్ ఆర్గ్యుమెంట్లే. అదే అప్లికేషన్‌ని మామూలు యూనిక్స్ ప్రోగ్రాంగానూ, యూనికెర్నెల్‌గానూ (మామూలు ఆపరేటింగ్ సిస్టం అక్కర్లేకుండా నడిచే ప్రోగ్రాంగానూ) కట్టడానికి ఇదే ఆధారం. కానీ అక్కడ ఫంక్టర్లను ఒకదానికొకటి తగిలించే కోడ్‌ని చేత్తో రాయరు, అందుకు ఒక టూల్ ఉంది. మీ ప్రాజెక్టులో అలాంటి టూల్ లేకపోతే ఆ దారిలో వెళ్లేముందు బాగా ఆలోచించండి.

ఫంక్టర్ అప్లై చేస్తే తెర నిండా ఎర్రర్ వచ్చింది. ఎక్కడి నుంచి చదవాలి?

ముందు కిందికి దిగండి. సిగ్నేచర్లు కలవలేదని చెప్పి కంపైలర్ మొత్తం సిగ్నేచర్లను కుమ్మరిస్తుంది, అసలు కారణం ఎక్కువగా చివరి రెండు మూడు లైన్లలో ఉంటుంది: ఫలానా వాల్ కావాలి, ఇవ్వలేదు, లేదా ఫలానా వాల్‌కి ఈ టైప్ ఉంది, కావాల్సిన టైప్ అది. అక్కడ రెండు టైపులూ ఒకేలా కనబడి, చివర మాత్రం ఎక్స్.టి, ఎల్ట్ లాంటి తేడా ఉంటే ఎక్కడో ఒక విత్ టైప్ రాయడం మర్చిపోయారని అర్థం. వాల్ పేరు ఒకటే అయినా దాని రిటర్న్ టైప్ తేడా ఉంటే మీ ఇంప్లిమెంటేషన్‌లోనే తప్పుంది.

అలా చూసినా తేలకపోతే, ఆర్గ్యుమెంట్ మాడ్యూల్‌ని విడిగా తీసి, దానికి ఫంక్టర్ కోరుతున్న సిగ్నేచర్‌ని నేరుగా తగిలించి కంపైల్ చేయండి. ఫంక్టర్ పక్కకి తప్పుకోగానే ఎర్రర్ సగానికి తగ్గుతుంది, తప్పు మీ మాడ్యూల్‌లో ఉందా, ఫంక్టర్ అడిగినదాంట్లో ఉందా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. పని అయ్యాక ఆ సిగ్నేచర్ తీసేయండి. ఉంచేస్తే అది టైపుల్ని దాచేసి, ఇంకోచోట ఇంకో ఎర్రర్ తెస్తుంది.